దగ్గే బండిలో ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు ముప్పై కిలోమీటర్లంటారు. బస్సెక్కితే గంట లోపల దించుతాడు. మాకు ఆ పొద్దు అయిదు గంటలు పట్టింది. పోయింది కూడా పెండ్లికో పండక్కో కాదు, మా పికప్పు బండిని అమ్మేదానికి. బండి కాగితాలు నా పేరున ఉండాయి. నా సంతకం లేకుంటే అది చేయి మారదు. అందుకని మా ఇంటాయన దస్తగిరి నన్ను కూడా ఎక్కించుకున్నాడు. లేకుంటే నన్ను ఇడిసిపెట్టే పోయుండు.

మేము దూదేకే వాళ్లం. బండి వెనకాల మిషను బిగించుకోని ఊరూరు తిరుగుతాము. ఏండ్లు పడుకోని రాయి మాదిరి గట్టిపడిన పరుపులుంటాయి చూడండి, వాటిని చింపి, దూది ఏకి, మల్లీ నింపి కుట్టిస్తాము. ఏకేది ఆయన, కుట్టేది నేను. పదకొండేండ్లుగా ఇదే మా బతుకు. బండి పోతే మిషను మూల పడతాది. ఆయన జిన్నింగు మిల్లులో వాచ్‌మన్ పనికి మాట్లాడుకోని కూడా వచ్చినాడు. నేను ఇంట్లో గోడలు చూసుకుంటా కూచోవల్ల. ముందు దినం సాయంత్రమే మిషను దించేసినారు. 

అమ్మేదెందుకంటే, ఇరవై దినాల నుంచి దాని ఇంజను మమ్మల్ని పీక్కుతింటాంది. ఆదోనిలో స్టార్టు చేస్తే బాగా పోతాది. పది పన్నెండు కిలోమీటర్లు దాటినాక దగ్గు మొదలు. కుక్కు కుక్కుమంటాది, ఒళ్లంతా వణుకుతాది, ఆక్సిలేటరు ఎంత తొక్కినా ముందుకు పోదు, ఆఖరికి ఉసూరుమని నిలబడిపోతాది. అర్ధగంట గమ్మునుంటే మల్లీ స్టార్టయితాది. మెకానిక్కు కాడికి తీస్కపోతే ఏమీ ఎరగనట్లు బుద్ధిగా ఆడతాది. మా మెకానిక్కు రఫీ ఆదోనిలో మా వీధి చివరే ఉంటాడు. మొదట ఫిల్టరు మార్చినాడు. తరవాత నాజిళ్లు విప్పి కడిగినాడు. ఆ తరవాత పంపు అన్నాడు. నాలుగోసారి తల గోక్కోని, "ఇంగ ఇంజను దించల్ల అక్కా" అన్నాడు. బండ్ల స్టాండులో ఒకాయన డీజిల్లో నీళ్లన్నాడు. ఇంగొకాయన దిష్టన్నాడు. దిష్టి కూడా తీసినా, ముందర నిమ్మకాయలు కట్టినా. బండికి నిమ్మకాయలెక్కువై నడక తక్కువైంది.

కొనేది ఎమ్మిగనూరులో ఉల్లిగడ్డల యాపారి తిమ్మప్ప. ఆయన పెట్టిన షరతు ఏందంటే, బండి తనంతట తాను నడిచి పది గంటలకు గోడౌను ముందరికి వస్తే బండి ధర, తాడు కట్టి లాక్కొస్తే పాత ఇనుము ధర. మా ఆయన సరేనని మాటిచ్చొచ్చినాడు.

పొద్దున ఆరున్నరకు బయలుదేరినాము. బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తిన్నాము. ఆ ఉగ్గాని వేడిగా ఉంది, మిరపకాయ బజ్జీ నోరు కాలేటట్లుంది, అయినా నాకు రుచి తెలీలేదు. ఆరూముక్కాలకు బంకులో డీజిలు పోయించుకున్నాము. అక్కడ మూత విప్పేదానికే అయిదు నిమిషాలు పట్టింది, ఎందుకంటే దానికి నేను వాసెన కట్టింటి. మా దొడ్లో ఎప్పుడూ దూది ఎగురుతాంటాది. ఒకసారి రఫీ ఫిల్టర్లో దూది పోగులు చూసి, "ట్యాంకు మూత జాగర్త అక్కా" అన్నాడు. ఇంగ జాగర్త అంటే నాకు చెప్పల్లనా? పరుపులకేసే మందం ప్లాస్టిక్కు కవరు రెండు పొరలుగా మూత మింద కప్పి, సైకిలు ట్యూబు ముక్కతో బిర్రుగా చుట్టి పెట్టినా. డీజిలు పోయించిన ప్రతిసారీ ఆయన సణుక్కుంటా విప్పుతాడు, నేను దిగి దగ్గరుండి మల్లీ కట్టిస్తా.

బంకులో పనిచేసే పిల్లోడు నవ్వినాడు. "ఏందక్కా, ట్యాంకులో ఏమన్నా ఊరేసినావా?"

"నీకెందుకప్పా, నువ్వు నిండుగా పొయ్యి" అన్నా.

"ఈ పొద్దు అమ్మేసే బండికి కూడా కట్టల్లనా?" అని మా ఆయన.

"అమ్మేదాకా మనదే గదా. కట్టు" అన్నా. కట్టినాడు.

ఆరేకల్లు దాటినాక, ఏడుంబావుకు, మొదలైంది దగ్గు. మా ఆయన పండ్లు కొరుక్కుంటా ఇంగ రెండు ఫర్లాంగులు లాగినాడు. చివరకి రోడ్డు పక్క కంపచెట్ల కాడ ఆగిపోయింది. బానెట్టు ఎత్తినాడు. ఈ రోడ్డు మింద పోయేవాళ్లకు ఒక మాట చెప్తా వినండి. ఇక్కడ బానెట్టు ఎత్తితే చాలు, ఎక్కడి నుంచి వస్తారో తెలీదు, దారిన పోయే ప్రతి మనిషీ మెకానిక్కే.

ఒకాయన బైకు ఆపి, దిగకుండానే, "ఇంజను దించల్లప్పా" అన్నాడు.

"నువ్వు దించుతావా?" అన్నాడు మా ఆయన. బైకాయన పోయినాడు.

గొర్రెలు తోలుకోని వచ్చినాయన మాత్రం తీరుబడిగా నిలబడినాడు. ఇంజను లోపలికి వంగి వంగి చూసినాడు. "మా గొర్రెకు ఇట్లనే దగ్గొస్తే వాము నూరి తాపుతామప్పా" అన్నాడు.

"దీనికి యాడ తాపల్ల?"

"అదే నేనూ సూస్తాండా, నోరు యాడుందో కనపడలేదు."

నాకు నవ్వొచ్చింది. మా ఆయన నా దిక్కు చూసిన చూపుకు ఆ నవ్వు గొంతులోనే ఆగింది. ముప్పావుగంట కూచుంటే మల్లీ స్టార్టయింది. ఏడెనిమిది కిలోమీటర్లు పోయింది, కోటేకల్లు ఇంగ కనపడతాందనంగా మల్లీ ఆగింది. టైము ఎనిమిదిన్నర. ఈసారి పది నిమిషాలకొకసారి స్టార్టు చేసినా రెండు కుక్కులు కుక్కి పడుకుంటాంది.

రఫీకి ఫోను చేసినాడు. ఆయప్ప ఫోన్లోనే శబ్దం వినిపించమన్నాడు, విని, "ఫీడ్ పంపు పోయింటాది అన్నా, ఎమ్మిగనూరులో దొరుకుతాది, తెచ్చి బిగించుకో" అన్నాడు. బిగించుకో అంట! చొక్కాకు గుండీ కుట్టుకో అన్నట్లు చెప్పినాడు. బండిని రోడ్డు మింద ఇడిసి ఆయన పోయేటట్లు లేదు. "నువ్వు పోయిరా మాబూ" అన్నాడు. నా పేరు మాబున్ని లెండి, కోపంలో ఉంటే 'ఏమే' అంటాడు, దిక్కు తోచనప్పుడు 'మాబూ' అంటాడు.

తొమ్మిదింబావుకు పల్లె బస్సొచ్చింది, చెయ్యెత్తితే ఆపినాడు. ఆడోళ్లకు టికెట్టు లేదు గదా అని ధైర్యంగా ఎక్కినా. కండక్టరమ్మ ఆధారు కార్డు చూపించమనింది. సంతకానికని తెచ్చిన జిరాక్సు తీసిచ్చినా.

"జిరాక్సు చెల్లదమ్మా. అసలు కార్డు యాడ?"

"అసలుది మా ఆయన జేబులో ఉంది. మా ఆయన బండి కాడ ఉండాడు. బండి రోడ్డు మింద ఉంది."

"అయితే టికెట్టు తీస్కో."

"మొగం నాదే గదమ్మా, నలుపూ తెలుపూలో ఉందంతే!"

ఆమె నవ్వింది, కానీ టికెట్టు కొట్టింది. అందుకే చెప్తాండా, ఆడోళ్లు ఎవరన్నా ఈ దారిలో పోతే అసలు కార్డు కొంగున కట్టుకోని పోండి.

పక్కన కూచున్నామె ఎమ్మిగనూరులో మగ్గం నేస్తాదంట. నా కథంతా వినింది. "మా మగ్గం కూడా ఇట్లనేనక్కా. బాగుచేసేటోడు వస్తే సక్కగా ఆడతాది, ఆయప్ప మలుపు తిరిగినాక పోగులు తెంపుతాది. నాకు రెండు సార్లు దాన్ని కాళ్లతో తన్నల్లనిపించింది" అనింది. ఆ పొద్దు నా బాధ అర్థమైన మొదటి మనిషి ఆమె.

తొమ్మిదీ నలభైకి ఎమ్మిగనూరు బస్టాండులో దిగినా. స్పేరుపార్టుల అంగడి అడుక్కుంటా పోయినా. అంగడాయన ఏ మోడలన్నాడు, చెప్పినా. ఏ సంవత్సరమన్నాడు, చెప్పినా. ఇంజను నంబరన్నాడు. నేను చదివింది నాలుగో తరగతే గానీ ఒకసారి విన్నది మరిచిపోను. అక్షరాలూ అంకెలూ అన్నీ వరసగా ఒప్పజెప్పినా. ఆయన నోరు తెరిచి విని, చివరకి ఏమన్నాడో తెలుసా? "నంబరుతో పనిలేదమ్మా, పాత పంపు తెచ్చి చూపించు."

"పనిలేనిది ఎందుకడిగితివప్పా?"

"అందరినీ అడుగుతామమ్మా."

నాకు ఒళ్లు మండిపోయింది. పది కొట్టేదానికి పది నిమిషాలుంది, తిమ్మప్ప గోడౌను కాడ ఎదురుచూస్తాంటాడు, బండి కోటేకల్లు కాడ చచ్చి పడుంది. బయటికొచ్చి పక్కనున్న షెడ్డు నీడలో నిలబడి, గట్టిగానే తిట్టుకున్నా. బండిని, రఫీని, అంగడాయనను, అందరినీ.

షెడ్డులో ఒక ముసలాయన బండ మింద కూచోని రొట్టె తింటాండాడు. ఈరన్న అంట, ట్రాక్టర్ల మెకానిక్కు. "తిట్లు బాగుండాయి గానీ, బండికి ఏమైందో సెప్పలేదే తల్లీ" అన్నాడు.

చెప్పినా. ఆయన పంపు అనలేదు, ఇంజను దించల్ల అనలేదు. తింటానే అడిగినాడు. "ఏ దినం ఏ ఊరికి పోయినారు, యాడ ఆగింది, గుర్తుండాయా?"

ఆ మాట అడిగినోడే లేడు ఇరవై దినాలుగా! వరసగా చెప్పినా. మొదట ఆగింది శుక్రవారం, చిప్పగిరి దారిలో. ఆదివారం సి.బెళగల్లు పోతా రెండుసార్లు. బుధవారం పత్తికొండకు పోతా ఒకసారి, టమాట ట్రాక్టర్ల నడుమ ఆగి అందరూ హారన్లు కొట్టినారు, వస్తా ఇంగ రెండుసార్లు. ఎన్నో మైలురాయి కాడ ఆగిందో కూడా చెప్పినా. ఈరన్న తినేది ఆపినాడు.

"ఆగకుండా పోయొచ్చిన దినం ఏదన్నా ఉందా?"

"ఒక్క దినముందప్పా. మంగళవారం. ఆలూరు పోయొచ్చినాము, ఒక్కసారి కూడా దగ్గలేదు."

"ఆ దినం వేరే ఏముండె?"

"ఏమీ లేదప్పా. అదే బండి, అదే డీజిలు, అదే డ్రైవరు, మాకు మాకూ అవే తిట్లు." అని మల్లీ ఆలోచన చేసినా. ఆ దినం పొద్దున బంకులో కట్టు విప్పుతాంటే ట్యూబు ముక్క పుటుక్కున తెగింది. ఇంటికొచ్చినాక, సాయంత్రం, కొత్తది వెతికి కట్టినా. ఆ మాట చెప్పినా.

"ఏం కట్టు?"

వాసెన సంగతి చెప్పినా. దూది పోకుండా ఎంత జాగర్తగా కట్టినానో కూడా చెప్పినా. ఆయప్ప నన్ను చూసినాడు, చూసినాడు, తరవాత పక్కనున్న ప్లాస్టిక్కు నీళ్ల సీసా తీసుకున్నాడు. మూతి పెదాల మధ్య గట్టిగా పెట్టుకోని నీళ్లు పీల్చినాడు. సీసా పక్కలు చటచటమని లోపలికి ముడుచుకున్నాయి. ఇంగ పీల్చినా ఒక చుక్క రాలేదు. సీసా నోట్లో నుంచి తీస్తానే గాలి లోపలికి పోయి మల్లీ మామూలుగా లేచింది.

"సూసినావా తల్లీ? డీజిలు ఖర్చయ్యేకొద్దీ ఆ జాగాలోకి గాలి పోవల్ల. మూతకు దానికనే సన్న బొక్క పెట్టింటారు. నువ్వు దాని నోరూ ముక్కూ మూసి పరిగెత్తమంటివి. పది మైళ్లు పరిగెత్తింది, గొప్ప బండే."

నాకు నేలలోకి దిగిపోతే బాగుండు అనిపించింది. ఆ కవరు కట్టిన దినం నుంచి లెక్కేస్తే సరిగ్గా ఇరవై దినాలు! నాజిళ్లు, పంపు, నిమ్మకాయలు, వాచ్‌మన్ ఉద్యోగం, అన్నీ నా రెండు పొరల కవరు వల్ల. మెకానిక్కుల కాడ బాగా ఆడిందంటే మరి, అక్కడికి పోయేలోపల గాలి అయిపోయేంత దూరం ఉండదు గదా. అసలు నేను కట్టింది అందరూ చూసినారు, రఫీ చూసినాడు, బంకు పిల్లోడు చూసి నవ్వినాడు, ఒక్కరన్నా నోరు తెరిచి ఇది చెప్పలేదు!

మా ఆయనకు ఫోను చేసినా. "ఏమయ్యా, పంపు వద్దు గానీ, ట్యాంకు మింద కవరు పీకేసి మూత తియ్యి."

"ఎందుకే?"

"తియ్యి ముందు."

ఫోను పట్టుకునే తీసినట్లుంది. బుస్సుమని పాము లేచినట్లు శబ్దం నాకు ఇక్కడికి వినపడింది. తరవాత ఇంజను స్టార్టయిన శబ్దం. ఆయన ఫోను పెట్టేసినాడు. ఆ పెట్టేసిన పద్ధతిలోనే నాకు తెలిసిపోయింది, ఈ పొద్దు నా పని అయిపోయిందని.

ఈరన్నకు ఏమన్నా ఇద్దామంటే తీసుకోలేదు. "పిల్ల మెకానిక్కులకు సెప్పీ సెప్పీ అలిసిపోయినా తల్లీ, ముందు మూత సూడండ్రా అని. మూత సూస్తే బిల్లు ఏం రాస్తారు?" అని మల్లీ రొట్టె అందుకున్నాడు.

ఆటో పట్టుకోని తిమ్మప్ప గోడౌను కాడికి పోయేసరికి పదిన్నర. తిమ్మప్ప వాచీ చూపించినాడు, నేను వస్తాంది వస్తాంది అంటా కూచున్నా. మా ఆయన పదకొండున్నరకు వచ్చినాడు. అంత ఆలస్యం ఎందుకంటే, నమ్మకం లేక ఆరేకల్లు దాకా వెనక్కి పోయి మల్లీ వచ్చినాడంట. ఎక్కడా దగ్గలేదంట. బండి దిగి నా దిక్కు చూడకుండా నేరుగా తిమ్మప్ప దగ్గరికి పోయినాడు.

తిమ్మప్ప చెవి పెట్టి ఇంజను విన్నాడు. మొగం వెలిగిపోయింది. "రోగమొచ్చింది అంటివి, ఇంత బాగా ఆడతాందే! రామ్మా, ఈడ సంతకం పెట్టు" అని ఫారాలు టేబులు మింద పరిచినాడు. ఎక్కడ పెట్టల్లనో పెన్సిలుతో గుర్తు కూడా పెట్టుంది.

మా ఆయన పెన్ను నా దిక్కు చాపినాడు. "పెట్టు. మాటిచ్చినా."

నేను చేతులు కొంగులో పెట్టుకున్నా. "నువ్వు మాటిచ్చింది రోగమొచ్చిన బండికి. రోగం బండిది కాదు, నాది. నేను చేసిన తప్పుకు దాన్ని ఎందుకు అమ్మల్ల?"

"ఇరవై దినాలు రోడ్డు మింద నిలబెట్టి ఇప్పుడు నీతులా! పెట్టే సంతకం!"

"పెట్టను. తిట్టు, ఇంగా తిట్టు, ఇంటికి పోయి కూడా తిట్టు. మిల్లు గేటు కాడ కర్ర పట్టుకోని కూచుంటావా నువ్వు? ఒక్క దినం కూచోలేవు, నాకు తెలీదా?"

హమాలీలు పని ఆపి చూస్తాండారు. తిమ్మప్ప పగలబడి నవ్వినాడు. "దస్తగిరీ, మీ ఇంట్లో పెత్తనం ఎవురిదప్పా?"

మా ఆయన మొగం ఎర్రగా అయింది. కొట్టేంత కోపంలో ఉండాడు, అది నా మిందనో తిమ్మప్ప మిందనో నాకు అర్థం కాలేదు. రొంత సేపు ఆ పెన్ను చేతిలో అట్లా తిప్పినాడు. తరవాత మూత పెట్టి తిమ్మప్ప జేబులోనే పెట్టినాడు.

"తిమ్మప్పా, ఆ కాగితంలో ఓనరు అనే కాడ ఎవురి పేరుందో సదువు."

తిమ్మప్ప చదివినాడు. "దూదేకుల మాబున్ని."

"అదే మల్లా. నేను డ్రైవర్ని. ఓనరు అమ్మనంటాంది."

తిమ్మప్ప నవ్వు పోయింది. పొద్దున్నుంచి ఈ బండి కోసమని వేరే బండి చెప్పకుండా యాభై మూటల ఉల్లిగడ్డలు ఆపుకోని కూచున్నానని అరిచినాడు. అది న్యాయమైన కోపమే. మా ఆయన బండిని వెనక్కి పెట్టి, మూటలు ఎక్కించుకోని, రెండు ట్రిప్పులుగా మార్కెట్టు యార్డుకు తోలి దించొచ్చినాడు, బాడుగ అడగకుండా. నేను అంతసేపూ గోడౌను మెట్ల మింద కూచోని ఇంజను శబ్దం వింటాంటి. రెండో ట్రిప్పు వచ్చినాక తిమ్మప్ప నాకు టీ తెప్పిచ్చినాడు, ఆయనకూ తెప్పిచ్చినాడు, కానీ ఫారాలు మాత్రం మా కండ్ల ముందరే నిలువునా చింపినాడు.

రెండున్నరకు బస్టాండు ఎదురుగా మెస్సులో అన్నం తిన్నాము. పప్పు బాగుంది, మజ్జిగ నీళ్లు. మూడున్నరకు ఆదోని దారి పట్టినాము. ఎండ కండ్లలోకి కొడతాంది. కోటేకల్లు దాటినాక పొద్దున ఆగిన జాగా వస్తానే ఆయన కాలు తనంతట తానే ఆక్సిలేటరు మింద నుంచి లేచింది. బండి ఏమీ ఎరగనట్లు పోతానే ఉంది. ఆ కంపచెట్ల కాడ కూడా అంతే. అప్పుడు ఇద్దరం ఒకేసారి ఊపిరి ఇడిసినాము, ఒకరికొకరం వినపడకుండా.

ఈ ప్రయాణం వల్ల నాకు తెలిసిందేందంటే, బండి దగ్గితే ఈ దారిలో సలహా చెప్పేటోళ్లకు కొదవ లేదు, అడిగేటోడే దొరకడు. దొరికితే ఏమీ దాచకుండా చెప్పండి. మీకు చిన్నదనిపించేది కూడా చెప్పండి. సిగ్గు పడతారు, పడండి, ఇంజను దించేదానికంటే అది తేలిక.

ఆదోని కొండలు కనపడినాక ఆయన గోడౌను గొడవ తరవాత మొదటిసారి నేరుగా నాతో మాట్లాడినాడు.

"రేపు యాడికి?"

"కోసిగి" అన్నా. "ఆడ ఒకామె నాలుగు పరుపులుండాయి రమ్మనింది."

"ఎన్ని గంటలకు?"

"ఆరుకు పోతే ఎండ లోపల రెండు ఏకొచ్చు."

"మిషను ఎక్కియ్యల్లంటే ఇప్పుడే మనుషుల్ని పిలవల్ల" అని, గేరు మార్చి, రొంత దూరం పోయినాక అన్నాడు. "బంకులో మాత్రం నువ్వు బండి దిగొద్దు."

"దిగనులే" అన్నా.